నిన్నటి ముద్ర పడిన తాబేలు

చేతిలో ఫోను ఉండి కూడా పోస్టుమాన్ కోసం వీధి గుమ్మంలో నిలబడ్డ ఆఖరి మనుషుల్లో నేనొకతెనేమో అనిపిస్తూ ఉంటుంది. ఆ రోజుల్లో పలాసలో నా ఈడు ఆడపిల్లలు ఫోనులో డబ్బులు ఎప్పుడు అయిపోతాయా అని బెంగపడుతుంటే, నేను మాత్రం కొత్త తపాలా బిళ్ళ ఎప్పుడు విడుదలవుతుందా అని బెంగపడేదాన్ని. డిగ్రీ, బీయెడ్డూ పూర్తిచేసి ఊళ్ళోనే ఒక ప్రైవేటు స్కూల్లో సోషల్ టీచరుగా చేరిన కొత్త. ఉద్యోగం చేస్తున్నానన్న ధీమా ఒకటి, లోకంలో నాకు తెలియనిది పెద్దగా మిగల్లేదన్న నమ్మకం ఇంకొకటి (సోషల్ చెప్పేవాళ్ళకి ఈ జబ్బు కాస్త తొందరగా వస్తుంది). ఈ రెండూ కలిసి ఉద్దానం ఇసకలో నా పరువు ఎలా కూలదోశాయో చెప్పడానికే ఇదంతా. ఒక్క షరతు. ఇందులో వచ్చే సముద్రపొడ్డు ఊరి పేరు మాత్రం అడక్కండి. ఎందుకు చెప్పనో చదువుతుంటే మీకే తెలుస్తుంది.

నాకున్న పిచ్చి ఫస్ట్ డే కవర్లు. కొత్త బిళ్ళ విడుదలైన రోజునే దాన్ని కవరు మీద అంటించి, ఆ రోజు తేదీతోనే పోస్టాఫీసు ముద్ర వేయించుకోవాలి. మర్నాడు వేయిస్తే అది ఉత్త కవరు. తపాలా శాఖ వాళ్ళే మంచి బొమ్మలతో కవర్లు అచ్చువేసి అమ్ముతారు కానీ, మాలాంటి ముదిరిపోయినవాళ్ళు వాటితో సరిపెట్టుకోరు. కవరు ఎడమపక్క ఖాళీలో బొమ్మ సొంతంగా వేసుకుంటారు. ఆ బొమ్మని క్యాషే అంటారు. (మా అన్నయ్య ఈ మాట మొదటిసారి విని, "క్యాషేనా? అయితే మంచిదే" అని చాలా సంతోషించాడు. సంగతి తెలిశాక అంతకంటే ఎక్కువ బాధపడ్డాడు.) దేశం నాలుగు మూలలా ఉన్న మాలాంటివాళ్ళం అలా చేసుకున్న కవర్లు ఒకరికొకరం పంపుకునేవాళ్ళం. అందరికీ పెద్ద, విశాఖలో ఉండే ఒక రిటైర్డు డ్రాయింగు మాస్టారు. ఆయన్ని నేను కళ్ళతో చూసిందిలేదు. ఎవరు కవరు పంపినా ఒక పోస్టుకార్డు మీద రెండు మూడు వాక్యాల్లో తీర్పు రాసేవారు. అంతకుముందు నేను పంపిన కవరుకి వచ్చిన తీర్పు ఇది: "బొమ్మ ముచ్చటగా ఉంది. స్టాంపుకీ దీనికీ చుట్టరికం ఏమిటో వెతుకుతున్నాను. దొరికితే రాస్తాను." నెలలు గడిచిపోయాయి. ఆయన రాయలేదు. ఆ కార్డు తలుచుకున్నప్పుడల్లా అన్నం సహించేది కాదు.

అలాంటి రోజుల్లో సముద్ర తాబేలు మీద స్టాంపు వస్తోందని తెలిసింది. ఇంక నా ఆనందం చెప్పడానికి లేదు. తాబేళ్ళు ఏటేటా గుడ్లు పెట్టడానికి మన ఉద్దానం ఒడ్డుకే కదా వస్తాయి! అవి వచ్చే ఊళ్ళోనే ఒక చిన్న బ్రాంచి పోస్టాఫీసు ఉందని పిన్‌కోడుల పుస్తకంలో చూసి కనిపెట్టాను. స్టాంపు మీద తాబేలు, నా బొమ్మలో తాబేలు, ముద్రలో తాబేళ్ళ ఊరి పేరు. ఈసారి మాస్టారు చుట్టరికం వెతుక్కోనక్కర్లేదు, అందరూ ఒకే ఇంటివాళ్ళు. బొమ్మకి అచ్చు కావాలి. హవాయి చెప్పు రబ్బరు చెక్కడానికి బాగుంటుందని ఎక్కడో చదివాను. మా అన్నయ్య కొత్త జతలో కుడి కాలి చెప్పు కోసి, మూడు రోజులు బ్లేడుతో చెక్కి, సిరా అద్ది కాగితం మీద నొక్కితే అక్షరాలన్నీ తిరగబడి వచ్చాయి. అద్దంలో చూసుకుంటే తప్ప చదవలేం. ఒంటి చెప్పుతో అన్నయ్యకి మాత్రం ఏం పని అనుకుని ఎడమది కూడా కోశాను. అది చక్కగా వచ్చింది. మరి తాబేలు ఎలా ఉండాలో తెలియాలి కదా. దానికి నేను పెద్దగా కష్టపడలేదు. కాలేజీలో ఉండగా శ్రీకూర్మం గుడికి వెళ్ళినప్పుడు అక్కడ పెంచే తాబేళ్ళని ఫొటో తీశాను. వీపు మీద నక్షత్రాల్లాంటి గీతలు, బుజ్జి బుజ్జి కాళ్ళు. దాన్నే దించేశాను. కింద 'ఉద్దానం అతిథి' అని రాశాను. ఇరవై కవర్ల మీద ఊదారంగు సిరాతో అచ్చువేసి ఆరబెడితే, గదంతా తాబేళ్ళు పాకుతున్నట్టుంది.

ఇక్కడ మా ఇంట్లో ఒక అనుమానం గురించి చెప్పాలి. పెళ్ళికావాల్సిన పిల్లకి ఊరూరి నుంచీ మగవాళ్ళ పేర్లతో ఉత్తరాలు వస్తుంటే ఎవరికైనా ఉంటుంది. మా వదిన పుట్టిల్లు జలంత్రకోట. మనసులో ఏదీ దాచుకునే అలవాటు లేని మనిషి. ఒకరోజు కవర్ల కట్ట చేత్తో పట్టుకుని నా ఎదురుగా కూర్చుంది.

"ఏటే పిల్లా, ఈ జబల్పూరు ఎవులు?"

"రిటైరైన రైల్వే గార్డు, వదినా. డెబ్బై దాటాయి."

"మరి ఈ గౌహతి?"

"ఆయనా అంతే. మొన్ననే కంటి ఆపరేషనైంది."

వదిన కట్ట పక్కన పెట్టి నా మొహంలోకి జాలిగా చూసింది. "దేశమంతా ఎతికినా నీకు ముసిలోళ్ళు తప్ప ఇంకెవులూ దొరకనేదా?"

అప్పటికి నవ్వుకున్నాం కానీ, నేను స్కూలుకి సెలవు పెట్టి శ్రీకాకుళం వెళ్ళి, అటునుంచి సముద్రపొడ్డుకి వెళ్తానంటే మాత్రం అన్నయ్య కనుబొమలు పైకి లేచాయి. వదిన ఒక్క మాటలో తేల్చేసింది. "నానూ వత్తాను. ఈ తాబేలెవుడో నానూ సూత్తాను."

విడుదల రోజు తెల్లారగట్ల బస్సుకి ఇద్దరం బయల్దేరాం. స్టాంపులు జిల్లా కేంద్రంలో పెద్ద పోస్టాఫీసులో తప్ప దొరకవు. కౌంటరు తెరవగానే ఇరవై బిళ్ళలు తీసుకుని, టిఫినైనా తినకుండా తిరుగు బస్సెక్కాం. సముద్రపొడ్డు పోస్టాఫీసు మధ్యాహ్నానికల్లా మూసేస్తారు. ఆలోగా చేరకపోతే ఇరవై తాబేళ్ళూ, రెండు చెప్పులూ వృథా. కవర్ల మీద బిళ్ళలు బస్సులోనే అంటించాను. టెక్కలి దాటేదాకా బాగానే జరిగింది. నందిగాం దగ్గర స్పీడు బ్రేకరుకి ఒక తాబేలు తలకిందులైంది. "పాపం, ఎల్లకిలా పడిపోయింది," అంది వదిన. కాశీబుగ్గలో దిగి, బస్టాండులో పెట్టిన స్కూటీ తీసి, జీడితోటల్లోంచి, కొబ్బరితోటల్లోంచి, సరుగుడు చెట్లలోంచి పోగా పోగా ఒక్కసారిగా ఎదురుగా సముద్రం. ఒడ్డు మీద పడవలు, పెద్ద సందడి.

ఎర్ర డబ్బా వేలాడుతున్న పెంకుటింటి అరుగు మీద ఒక తాత వల బాగుచేసుకుంటున్నాడు. లోపల ఎవరూ కనిపించలేదు.

"తాతా, పోస్టాఫీసు ఉందా?"

"నేదమ్మా. సముద్రం కాడికెల్లింది," అన్నాడు తలెత్తకుండా.

"పోస్టాఫీసు వెళ్ళడమేమిటి తాతా?"

"మా కోడలే గదమ్మా పోస్టాఫీసు. పడవలొచ్చినాయి, సేపలకెల్లింది. కూకోండి, వచ్చెత్తాది."

కూర్చున్నాం. ఊరికే ఉండలేక, ఉత్సాహం కొద్దీ ఒక కవరు తీసి తాతకి చూపించాను. జీవితంలో చేసిన పొరపాట్లలో అదొకటి. ఆయన దాన్ని దూరంగా పెట్టి చూశాడు, దగ్గరగా పెట్టి చూశాడు, తిరగేసి చూశాడు.

"ఇదేటమ్మా?"

"సముద్ర తాబేలు తాతా. మీ ఊరికి వస్తుందిగా, అదే."

"ఏ సెరువుది?"

అప్పుడే గంపలతో వస్తున్న ఇద్దరు ఆడవాళ్ళు ఆగారు. వాళ్ళ వెనక మరో నలుగురు. కవరు ఒకరి చేతిలోంచి ఇంకొకరి చేతిలోకి వెళ్తోంది. ముందు ఒకామె కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. తర్వాత అందరూ.

తాత నాకు ఓపిగ్గా పాఠం చెప్పాడు. "సముద్రం తాబేలుకి ఇలాటి కాళ్ళుండవమ్మా. తెడ్లుంటాయి. నీళ్ళలో తెడ్డేసుకుంటా పోద్ది. నువ్వు కాళ్ళెట్టేవు, కాళ్ళకి గోళ్ళు కూడా ఎట్టేవు. ఇది సముద్రంలో దిగితే ఈదనేదు. నడుసుకుంటా ఎల్లాల!"

ఇంక ఎవరూ నవ్వు దాచుకోలేదు. సోషల్ టీచరుని, ఊళ్ళో పిల్లలకి సముద్రాల గురించి పాఠం చెప్పే మనిషిని. చిన్నప్పట్నించీ ఇరవై కిలోమీటర్ల దూరంలో ఉండి ఒక్కసారైనా సముద్ర తాబేలుని చూడనేలేదు. చూడలేదన్న సంగతి కూడా నాకు అప్పటిదాకా తట్టలేదు. విశాఖ మాస్టారు డ్రాయింగు మాస్టారన్న మాట అప్పుడు గుర్తొచ్చింది. కళ్ళలో నీళ్ళు తిరిగాయి. అవి జారే లోపలే పక్కనుంచి ఒక గొంతు లేచింది.

"సాల్సాల్లే నవ్వింది! మా పిల్ల రొండు సెప్పులు కోసి సేసింది ఇది. పెద్దోడివి, తప్పుంటే సెప్పాల గానీ పదిమందినీ పోగేసి నవ్వుతావేటి?"

పొద్దున్నించీ నన్ను కాపలా కాస్తున్న వదిన ఎప్పుడు నా పక్షం చేరిపోయిందో తెలియలేదు. తాత కంగారుపడ్డాడు. "నిన్ను సూసి నవ్వనేదు తల్లీ. ఆ తాబేలు బాధ సూసి..." అంటూ అరుగు దిగి, వల అల్లే బద్దతో ఇసకలో గీశాడు. ముందు రెండు పొడుగాటి తెడ్లు, వెనక రెండు పొట్టివి. "ఇదమ్మా. ఇలాగుంటాది." వదిన వంగి చూసింది. మా వీధిలో ముగ్గు వేస్తే చుక్క తప్పని చెయ్యి ఆవిడది. "పెన్ను ఇలాగియ్," అంది నాతో. అరుగు మీద బాసింపట్టు వేసుకుని ఒక్కో కవరూ తీసి కాళ్ళ మీదుగా తెడ్లు గీయడం మొదలుపెట్టింది. గోళ్ళు తెడ్డులో కలిసిపోయాయి. తాత పక్కన కూర్చుని, "ఇంకాసింత ఒంపు... అదీ... అదీ..." అంటున్నాడు. నవ్వినవాళ్ళంతా గంపలు దించి చుట్టూ చేరారు. నేను చేసిన పనల్లా సిరా ఆరడానికి ఊదడం.

ఇరవై తాబేళ్ళకీ ఈత వచ్చే వేళకి పోస్టమ్మ వచ్చింది. (ఊరంతా ఆమెని అలాగే పిలుస్తారు.) తడిసిన కుచ్చిళ్ళు ఎగదోపుకుని, గంప నెత్తిన పెట్టుకుని. నా గోడు విని గంప దించడం మర్చిపోయింది.

"నా ముద్ర కోసవా? సిక్కోలు నుంచా?" అంది నమ్మలేనట్టు. "ఈ పోస్టాపీసుకి పింఛనుకొచ్చినోళ్ళున్నారు, కవరు కొనుక్కోటానికొచ్చినోళ్ళున్నారు. ముద్ర కోసవని వచ్చినోళ్ళు ఇన్నేళ్ళలో ఒక్కరూ నేరమ్మా!"

సబ్బుతో రెండుసార్లు చేతులు కడుక్కుంది. చీర మార్చుకుని వచ్చింది. పెట్టెలోంచి గుడ్డలో చుట్టిన ముద్ర తీసి, ప్యాడు మీద సిరా చుక్కలు వేసి, పాత పేపరు మీద నాలుగుసార్లు కొట్టి చూసింది. గుండ్రంగా పడిందా లేదా అనే చూశాం అందరం. తర్వాత మొదటి కవరు తీసుకుని, ఊపిరి బిగబట్టి, ఠప్పున కొట్టింది. ఎంత చక్కగా పడిందంటే, ఊరి పేరులో ఒక్క గీత చెరగలేదు. చుట్టూ జనం 'ఆఁ' అన్నారు. వదిన తను గీసిన తెడ్లు మురిపెంగా చూసుకోడానికి ఆ కవరు అందుకుని, పనిలో పనిగా ముద్ర కూడా చదివింది.

"ఇది నిన్నటి తారీఖు గదేటి?"

నిజమే. పొద్దున్నించీ ఉత్తరాలేవీ రాక, పడవల హడావిడిలో ముద్రలో తేదీ మార్చడం మర్చిపోయింది పోస్టమ్మ. ఈ రోజు విడుదలైన బిళ్ళ మీద నిన్నటి ముద్ర పడింది. అంటే పుట్టకముందే ప్రయాణం కట్టిన బిళ్ళ అది. అలాంటిది లోకంలో ఉండడానికి వీల్లేదు. అందుకే, అలాంటిది చేతికి దొరికితే సేకరించేవాళ్ళు ఏమైపోతారో నాకు తెలుసు. వదిన చేతిలోంచి కవరు లాక్కున్నాను. పోస్టమ్మ కూడా దానికోసం చెయ్యి చాపింది, వేరే కారణానికి.

"పైవాళ్ళ కంట్లో పడితే నా పని అయిపోద్దమ్మా. తారీఖు మార్చకుండా ముద్రేసినానంటే ఊరుకుంటారా? సింపీయమ్మా దాన్ని, నీకు పుణ్యవుంటాది."

"చింపేస్తానులే అక్కా, నువ్వు కంగారుపడకు," అని చాలా తేలిగ్గా అనేసి, కవరు తీసి నా పాఠాల నోటుపుస్తకం మధ్యలో పెట్టుకున్నాను. ఆమె తలపిన్నుతో తేదీ అచ్చులు మార్చి, తక్కిన పంతొమ్మిదింటికీ ముద్రలు వేసింది. పద్దెనిమిది తపాలా సంచిలో వేసింది, ఒకటి నా చేతికిచ్చింది. వద్దంటున్నా వినకుండా వదినకి ఒక సంచి నిండా చేపలు పెట్టింది. స్కూటీ కదిలేదాకా ఊరు ఊరంతా చెయ్యూపింది.

నేను స్కూటీ నడుపుతున్నాను కానీ మనసు విశాఖలో ఉంది. మాస్టారు కవరు అందుకుంటారు. భూతద్దం తీస్తారు. తేదీ చూస్తారు. కుర్చీలోంచి లేస్తారు. ఇంక నా పేరు జబల్పూరు నుంచి గౌహతి దాకా... జీడితోటల మధ్యకి వచ్చేసరికి భుజం మీద చెయ్యి పడింది.

"బండాపు."

ఆపాను.

"ఆ కవరు ఎక్కడ సింపినావ్? నాను సూణ్నేదు."

"ఇంటికెళ్ళి చింపుతా వదినా."

"ఇప్పుడు సింపు."

చింపలేనని చెప్పాను. దాని గొప్పతనం గురించి ఆ చెట్ల కింద పావుగంట ఉపన్యాసం ఇచ్చాను. కోటికొకటి దొరకదన్నాను. జాగ్రత్తగా దాచుకుంటాననీ, ఎవరికీ చూపించననీ, పోస్టమ్మకి ఏ ఇబ్బందీ రాదనీ ప్రమాణం చేశాను. వదిన చేపల సంచి ఒళ్ళో పెట్టుకుని అంతా విని, ఒకే ప్రశ్న అడిగింది.

"ఎవులికీ సూపించకపోతే మరి దాన్నేటి సేసుకుంటావ్?"

చూపించడానికి కాకపోతే ఇంత అవస్థ ఎందుకు పడతాను! ఆ మాట నాకూ తెలుసు, వదినకీ తెలుసు. నోటుపుస్తకంలోంచి కవరు తీసి ఆవిడ చేతికిచ్చాను. "నువ్వే చింపెయ్. నావల్ల కాదు." వదిన రెండు చేతులతో పట్టుకుంది. చింపబోయి, తను గీసిన మొట్టమొదటి తెడ్లు చూసుకుంది. "నావల్లా కాదే," అంది నీరసంగా. "ఎనక్కి తిప్పు. ఆవిడికే ఇచ్చెద్దాం. ఆవిడే సింపుకుంటాది."

మేము మళ్ళీ కనబడగానే పోస్టమ్మ మొహంలో రంగు మారింది. కవరు చేతిలో పెట్టి, "చింపలేకపోయాను అక్కా. దాచుకుందామనుకున్నాను. తప్పే," అని చెప్పేశాను. తిడుతుందనుకున్నాను. ఆమె కవరు పట్టుకుని గుమ్మం వెలుతుర్లోకి జరిగింది. చింపడానికి అంచు పట్టుకుంది కూడా. ఆగింది. ముద్ర మీద వేలితో నెమ్మదిగా రాసింది.

"ఇంత గుండ్రంగా నా సేత్తో ఎప్పుడూ పడనేదు మావా," అంది తాతతో.

తాత వల పక్కన పెట్టాడు. "అయితే సింపకే. నీ కాడుంటే ఎవులు సూత్తారు?"

అలా ఆ కవరు ఆమె పెట్టెలోకి వెళ్ళిపోయింది. మేము ఇంటికొచ్చాం. చేపలు మాత్రం చాలా రుచిగా ఉన్నాయని అన్నయ్య ఒప్పుకున్నాడు, చెప్పుల మాట ఎత్తకుండా. పది రోజులకి మాస్టారి కార్డు వచ్చింది. "డిప్ప చూస్తే గుడి తాబేలు, తెడ్లు చూస్తే సముద్రపుది. ఇలాంటి జీవి సృష్టిలో ఇదొక్కటే. తెడ్లు గీసిన చెయ్యి ఎవరిదో గట్టి చెయ్యి. ఆల్బమ్‌లో పెట్టుకున్నాను." ఆయన ఆల్బమ్‌లో పెట్టుకున్నానని ఎవరికైనా రాయడం అదే మొదటిసారని తర్వాత తెలిసింది. ఆ కార్డు నేను నా పెట్టెలో దాచుకుందామనుకునేలోపే వదిన పట్టుకుపోయి జలంత్రకోటలో అందరికీ చూపించి వచ్చింది.

తర్వాత నాకు ప్రభుత్వ ఉద్యోగం వచ్చింది, పెళ్ళయింది, ఊళ్ళు మారాను. ఈ మధ్య బడి పని మీద ఆ దారిన వెళ్ళాల్సివచ్చి, ఆ ఊళ్ళో ఆగాను. తాత లేడు. పోస్టమ్మ జుట్టు సగం నెరిసింది. నన్ను చూడగానే చెయ్యి పట్టుకుని లోపలికి లాక్కెళ్ళింది. బల్లకి ఎదురుగా గోడ మీద, దేవుళ్ళ పటాల సరసన, అద్దం ఫ్రేములో మా కవరు!

"అక్కా, ఇదేమిటి? తనిఖీకి వచ్చేవాళ్ళు చూస్తే?"

"ఏడాదేడాదీ వత్తారు, సూత్తారు," అంది నిబ్బరంగా. "తాబేలు బాగుందమ్మా, అంటారు. టీ తాగుతారు. ఎలిపోతారు. తారీఖు ఎవులు సూత్తారమ్మా?"

ఈ కథ చెప్పినప్పుడు కొందరు నన్ను నిజాయితీపరురాలంటారు. నేను కాదనను, వయసు మీద పడుతున్నకొద్దీ అలాంటి మాటలు కాదనబుద్ధి కాదు. కానీ ఆ జీడితోటల కింద పావుగంటసేపు నేను ఏం మాట్లాడానో నాకు గుర్తుంది. నా ఆల్బమ్‌లో ఆ రోజు కవరు, పంతొమ్మిదింటిలో నాకు మిగిలిన ఒక్కటి, ఒక పేజీలో ఉంది. దాని ఎదురు పేజీ ఆ రోజే ఖాళీగా వదిలేశాను, ఎప్పటికైనా పోస్టమ్మ మనసు మారుతుందేమోనని. ఇప్పటికీ అక్కడ ఏమీ అంటించలేదు. ఇంటికొచ్చినవాళ్ళకి ఆల్బమ్ చూపిస్తూ ఆ పేజీ దగ్గరికి రాగానే నా గొంతు మారిపోతుందట, కళ్ళజోడు సర్దుకుంటానట. ఖాళీ కాగితం వాళ్ళ ముందు పెట్టి, ముద్ర ఎంత గుండ్రంగా పడిందో వేలితో గీసి మరీ చూపిస్తాను. వాళ్ళు పాపం మర్యాదస్తులు, తలూపుతారు.